హర్ కీ దూన్ యాత్ర: ఒక పొడవాటి మిత్రుడు, ఒక తేలికైన డేరా

ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని ఉత్తరకాశీ జిల్లాలో నైట్వార్ అనే చిన్న ఊరు ఉంది. రూపిన్, సుపిన్ అనే రెండు నదులు అక్కడ సంగమించి టోన్స్ నదిగా మారతాయి. ఆ టోన్స్ కొండలు దిగివచ్చి యమునలో కలుస్తుంది. నైట్వార్ నుంచి సుపిన్ నదికి ఎదురుగా నడుస్తూ పోతే, దాని పుట్టింటి దగ్గర 3,566 మీటర్ల ఎత్తున ఊయల ఆకారంలో ఒక లోయ కనిపిస్తుంది. దాని పేరు హర్ కీ దూన్. 1955లో ఏర్పడిన గోవింద్ పశువిహార్ అభయారణ్యంలో ఆ లోయ ఉన్నది.

లోయకు తలాపున స్వర్గారోహిణి శిఖరాలు నిలిచి ఉంటాయి. వాటిలో ఎత్తైనది 6,252 మీటర్లు. పాండవులు మహాప్రస్థానంలో ఈ దారినే వెళ్ళారని అక్కడివారి నమ్మకం. తిక్కనగారి భారతం చదువుకున్న తెలుగువారికి ఆ పేరు వినగానే ఒళ్ళు పులకరిస్తుంది. మేము ఈ లోయకు రెండుసార్లు బయలుదేరాము. ఒకసారి చేరలేకపోయాము, ఒకసారి చేరాము. ఈ రెండింటి మధ్య తేడా వాతావరణంలో లేదు, మా మోకాళ్ళలోనూ లేదు. అది ఒక డేరా పొడవులో ఉన్నది. ఆ కథను మన పత్రిక పాఠకులతోను, వారి కుటుంబాలతోను పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

మా బృందంలో నలుగురం. డిజైన్ విభాగం నుంచి మేము, అకౌంట్సు నుంచి ఒక మిత్రుడు, మెయింటెనెన్సు నుంచి మరొకరు, ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేస్తున్న ఒక యువ ఇంజనీరు. మొదటి ముగ్గురం యాభై దాటినవాళ్ళం. నాలుగవ ఆయనకు ముప్పై నాలుగేళ్ళు, ఎత్తు 196 సెంటీమీటర్లు. పాత లెక్కలో ఆరడుగుల ఐదంగుళాలు. మనిషి సన్నం, మాట మెత్తన. టౌన్‌షిప్‌లో ఆయనను ఎరగనివారుండరు. ఎందుకంటే ఎంత జనంలో ఉన్నా ఆయన తల కనిపిస్తుంది.

2022 అక్టోబరులో మొదటిసారి బయలుదేరాము. ఢిల్లీ వరకు రైలు. ఆ రైలులోనే మాకు ఒక సూచన అందింది కాని, మేము దానిని చదువుకోలేదు. రైలు బెర్తు పొడవు సుమారు ఆరడుగులు. మా మిత్రుడి పాదాలు రాత్రంతా నడవాలోనే ఉన్నాయి. వచ్చేపోయేవారు వాటికి తగిలి క్షమాపణ చెప్పుకుంటుంటే, ఆయన నిద్రలోనే "ఫరవాలేదండి" అంటున్నాడు. మేము నవ్వుకున్నాము.

డెహ్రాడూన్ నుంచి ముస్సోరీ, పురోలా, మోరీల మీదుగా సాంక్రీ గ్రామం సుమారు 200 కిలోమీటర్లు. కొండదారి కనుక పగలంతా పట్టింది. పురోలా దాటాక పైన్ అడవులు, మోరీ దాటాక నది హోరు. నైట్వార్‌లో అటవీశాఖ వారి చౌకీ వద్ద అనుమతి పత్రాలు తీసుకున్నాము. మరునాడు తాలూకా అనే ఊరు నుంచి నడక మొదలుపెట్టాము. దారి సుపిన్ నదిని విడవకుండా వాల్‌నట్ చెట్ల నీడల్లోనుంచి సాగుతుంది. అవతలి ఒడ్డున కొండవాలు మీద ఓస్లా గ్రామం కనిపిస్తుంది. దేవదారు దూలాలను, రాళ్ళను పొరలు పొరలుగా పేర్చి కట్టిన ఇళ్ళు అవి. సిమెంటు వాసన ఎరగని ఆ గోడలను మా మెయింటెనెన్సు మిత్రుడు చాలాసేపు చూశాడు.

ఆ రాత్రి ఓస్లాకు దిగువన, నదికి ఇవతల ఉన్న సీమా అనే చోట, సుమారు 2,560 మీటర్ల ఎత్తున, డేరాలు వేశాము. అవి అద్దెకు తెచ్చుకున్నవి. 'ఇద్దరికి సరిపోతుంది' అని ఇచ్చినవారు చెప్పారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ ఇద్దరిలో ఒకరు మా మిత్రుడని వారికి తెలియదు, అంతే.

సాయంత్రం సన్నని జల్లు పడింది. తరువాత మబ్బు విడిపోయి చలి దిగింది. మా మిత్రుడు మోకాళ్ళు ముడుచుకుని, పక్కకు తిరిగి పడుకున్నాడు. మెలకువగా ఉన్నంతసేపు మనిషి ముడుచుకుని ఉండగలడు. నిద్రపట్టిన తరువాత కాళ్ళు వాటంతట అవే చాచుకుంటాయి. చాచుకున్నాయి. స్లీపింగ్ బ్యాగ్ కొస డేరా గోడకు ఒత్తుకుంది. లోపలి గుడ్డ వెళ్ళి బయటి గుడ్డకు అంటుకుంది. మన ఊపిరిలోని ఆవిరి రాత్రి చల్లబడి బయటి గుడ్డకు లోపలివైపున నీటిబొట్లుగా పేరుకుంటుంది. ఆ నీటిని స్లీపింగ్ బ్యాగ్ ఒత్తులాగా పీల్చుకుంది. అందులో ఉన్నది పక్షి ఈకల నూగు. పొడిగా ఉన్నంతవరకు దానంత వెచ్చనిది లేదు. తడిస్తే ఉండలు కట్టి, వెచ్చదనాన్ని పట్టి ఉంచే గాలి పొర మాయమవుతుంది.

తెల్లవారుజామున నాలుగు గంటలకు అకౌంట్సు మిత్రుడు మమ్మల్ని పిలిచాడు. ఆయన గొంతులో కంగారు ఉంది. వెళ్ళి చూస్తే మా పొడవాటి మిత్రుడు గడగడ వణుకుతున్నాడు, మాట ముద్దగా వస్తున్నది. పర్వతారోహణ పుస్తకాలు హెచ్చరించే లక్షణాలు అవే. తడి మేజోళ్ళు, బట్టలు విప్పించి, పొడివి తొడిగి, మా స్లీపింగ్ బ్యాగ్‌లో పడుకోబెట్టి, స్టవ్ వెలిగించి వేడినీళ్ళు సీసాలలో పోసి చంకలలో పెట్టాము. గంటన్నర తరువాత వణుకు తగ్గింది. తియ్యని టీ తాగాడు. తెల్లవారగానే నలుగురం వెనక్కి తిరిగాము.

దిగేటప్పుడు ఆయన పెద్దగా మాట్లాడలేదు. తాలూకా చేరాక ఒకే ఒక మాట అన్నాడు: "నా వల్ల మీ యాత్ర చెడింది సార్." కాదు కాదని ముగ్గురం అన్నాము. ఆ 'కాదు' మా నోళ్ళలో అంత గట్టిగా పలకలేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఇంటికి వచ్చిన నెల తరువాత క్యాంటీనులో మళ్ళీ ఆ ప్రస్తావన వచ్చింది. "ఇకనుంచి మీరు ముగ్గురూ వెళ్ళి రండి సార్. హోటల్ గదులు ఉన్నచోటికైతే నేనూ వస్తాను. అక్కడ కూడా కాళ్ళు మంచం బయటే ఉంటాయి గాని, అది నాకు అలవాటే" అని నవ్వాడు.

ఆ నవ్వు మాకు నచ్చలేదు. మహాప్రస్థానంలో ద్రౌపది మొదలుకొని ఒక్కొక్కరు పడిపోతుంటే, కారణమేమిటని భీముడు అడుగుతాడు. ధర్మరాజు వెనుదిరిగి చూడకుండా ఒక్కొక్కరి దోషం చెబుతూ ముందుకు సాగిపోతాడు. మేము ధర్మరాజులం కాము గనుక వెనుదిరిగాము. కాని ఒక విషయంలో మేమూ ఆయన బాటలోనే నడిచాము. యాత్ర చెడిపోవడానికి కారణంగా మా మిత్రుడి ఎత్తును లెక్కగట్టుకున్నాము. ఒక యంత్రంలో షాఫ్టు పట్టకపోతే బేరింగు కొలతలు చూస్తాము గాని, షాఫ్టుదే తప్పని తీర్మానించము. ముప్పై ఏళ్ళు డిజైన్ బల్ల ముందు కూర్చున్న మాకు ఇది తోచడానికి నెల పట్టింది.

అప్పుడు లెక్క మొదలుపెట్టాము.

ఒక ఆదివారం క్వార్టర్సు మేడమీద చాప పరిచి, దానిమీద ఆరు సెంటీమీటర్ల గాలి పరుపు వేసి, మా మిత్రుణ్ణి స్లీపింగ్ బ్యాగ్‌లో పడుకోబెట్టాము. రెండు ఇళ్ళ కుటుంబాలూ చేరాయి. మా శ్రీమతి ఉప్మా తెచ్చారు. పిల్లలు సుద్దముక్కతో ఆయన చుట్టూ గీత గీశారు. మనిషి 196 సెంటీమీటర్లు. కాని పడుకున్నప్పుడు పాదాలు ముందుకు వాలతాయి, తలవైపు టోపీ, కాలివైపు నూగు మందం కలుస్తాయి. గీత పొడవు 218 వచ్చింది. కాలివేళ్ళ దగ్గర బ్యాగ్ పైభాగం నేలనుంచి 28 సెంటీమీటర్ల ఎత్తున ఉంది.

కిటుకంతా ఈ రెండవ కొలతలోనే ఉన్నది. డేరాల మీద అచ్చువేసే పొడవు నేల పొడవు. మనిషి పాదాలు నేలలో ఉండవు, నేలకు ముప్పై సెంటీమీటర్ల ఎత్తువరకు ఉంటాయి. డేరా గోడలు ఏటవాలుగా లోపలికి వంగుతాయి. గోడ 60 డిగ్రీల వాలు ఉన్నదనుకుంటే, 30 సెంటీమీటర్ల ఎత్తుకు వచ్చేసరికి ఒక్కొక్క కొసన 17 సెంటీమీటర్ల చొప్పున పోతాయి. మామూలు డేరా నేల పొడవు 215 అయితే, పాదాల ఎత్తులో మిగిలేది 180. అది మా మిత్రుడికే కాదు, ఐదడుగుల పది అంగుళాల మనిషికి కూడా ఇరుకే! మా మెయింటెనెన్సు మిత్రుడు రెండు వెదురు కర్రలను ఆ వాలుకు కట్టి, వాటి మీద పంచె పరిచి చూపించాడు. పంచె ఒకవైపు మా మిత్రుడి కాలివేళ్ళను, మరోవైపు నుదుటిని తాకింది. ఆయన ఐదేళ్ళ కూతురు "నాన్న ఇల్లుకంటే పొడుగు" అని చప్పట్లు కొట్టింది.

అటూ ఇటూ గుడ్డ తగలకుండా ఐదేసి సెంటీమీటర్లు వదిలితే, మాకు కావలసినది 30 సెంటీమీటర్ల ఎత్తులో 228 సెంటీమీటర్ల పొడవు. ఈ ఒక్క సంఖ్యను కాగితం మీద రాసి చుట్టూ గీత గీశాము.

అకౌంట్సు మిత్రుడికి మంచి ఆలోచన వచ్చింది. "ఇద్దరి డేరాలో ఒక్కరే మూలగా పడుకుంటే సరి కదా! కర్ణం ఎప్పుడూ భుజం కంటే పొడవు." నిజమే. 215 పొడవు, 130 వెడల్పు ఉన్న నేలకు కర్ణం 251. ఒక్క దెబ్బతో 36 సెంటీమీటర్లు లాభం వచ్చినట్లు కనిపించింది. కాని మనిషి గీత కాదు, ఆయనకు వెడల్పు ఉంది. 60 సెంటీమీటర్ల వెడల్పున్న దీర్ఘచతురస్రపు పరుపును మూలగా వేస్తే పట్టే పొడవు 207 మాత్రమే. నిటారుగా వేసినదానికంటే తక్కువ! తల వద్ద, పాదాల వద్ద 30 సెంటీమీటర్లకు సన్నబడే స్లీపింగ్ బ్యాగ్ అయితే 226 వరకు పడుతుంది. అంటే అసలు లాభం 11 సెంటీమీటర్లు. పైగా డేరాలో మూలలే అన్నిటికంటే పొట్టిగా ఉండే చోట్లు. లాభనష్టాల పట్టికను అకౌంట్సు మిత్రుడే స్వయంగా మూసివేశాడు.

తరువాత 'ముగ్గురి డేరా కొందామా' అన్న ఆలోచన. జాబితాలు తిరగేస్తే తెలిసినది ఏమిటంటే, ఇద్దరిదీ ముగ్గురిదీ పొడవులో దాదాపు ఒకటే. వెడల్పు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, పొడవు మాత్రం పెరగదు. పొడవాటి మనిషికి అక్కరలేని వెడల్పును వీపుమీద మోయమనడం న్యాయం కాదు. అద్దె డేరా బరువే 3.4 కిలోలు. బరువు కిలోన్నర దాటకూడదని మరో సంఖ్య రాసుకున్నాము.

మూడవ సంఖ్య ఎత్తు. మనిషి కూర్చున్న ఎత్తు మొత్తం ఎత్తులో సుమారు 52 శాతం. మా మిత్రుడికి అది 102 సెంటీమీటర్లు. పరుపు మందం, తలమీద కొంచెం ఖాళీ కలిపితే 115 కావాలి. ఒంటరి మనిషికని అమ్మే తేలిక డేరాలలో చాలా వాటి శిఖరం ఒక మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ఆ శిఖరం కూడా ఒక్క బిందువు. మనిషి కూర్చునే చోట అది లేకపోతే ఉండీ ప్రయోజనం లేదు. వానలో ఒక సాయంత్రమంతా మెడ వంచి కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవారికే తెలుసు.

దుకాణాలకు టేపు పట్టుకుని వెళ్ళాము. ఒక 30 సెంటీమీటర్ల స్కేలును నేలమీద నిలబెట్టి, దాని కొస నుంచి అవతలి స్కేలు కొసకు కొలిచేవాళ్ళం. అమ్మేవారు వింతగా చూశారు. కొందరు తయారీదారులకు ఈ-మెయిల్ రాసి ఆ ఎత్తులో పొడవు ఎంతని అడిగాము. సంఖ్య పంపినవారినే పరిగణనలోకి తీసుకున్నాము, రంగుల ప్రచార పత్రం పంపినవారిని వదిలేశాము.

చివరకు కుదిరిన డేరా నేల పొడవు 235. నాలుగు మూలలలోను చిన్న చిన్న పుల్లలు నిలబెట్టి కొసగోడలను దాదాపు నిటారుగా లేపారు కనుక, 30 సెంటీమీటర్ల ఎత్తులో 230 మిగిలింది. శిఖరం 120. దానికి వేరే స్తంభాలు లేవు. నడకలో చేతపట్టుకునే కర్రలే రాత్రి స్తంభాలవుతాయి. అందువల్ల బరువు 1.3 కిలోలకు దిగింది. గుడ్డ సిలికోన్ పూత వేసిన పాలియెస్టర్. నైలాన్ తడిస్తే సాగి వేలాడుతుంది. పాలియెస్టర్ నీటిని అంతగా పీల్చదు, బిగువు నిలుపుకుంటుంది. మా విషయంలో వేలాడే గుడ్డ అంటే తడిసే పాదం. కనుక ఈ తేడా మాకు ముఖ్యమయింది.

దోషాలు లేని డేరా లేదు. ఏటవాలు గోడ గాలిని జారవిడుస్తుంది, నిటారు గోడ గాలిని ఎదిరిస్తుంది. కనుక కొసగోడలకు అదనంగా తాళ్ళు కట్టాలి, డేరా వేసేటప్పుడు కొస గాలికి అభిముఖంగా లేకుండా చూసుకోవాలి. పొడవైన డేరాకు పొడవైన సమతలం వెదకాలి. కర్రలే స్తంభాలు కనుక, దారిలో కర్ర విరిగితే ఇల్లు కూలినట్లే. ఇవన్నీ తెలిసి ఒప్పుకున్నవి. మేడమీద మూడుసార్లు వేసి విప్పి, ఒకసారి బకెట్లతో నీళ్ళు గుమ్మరించి పరీక్షించాము. అతుకుల దగ్గర ఒక చోట కారింది. సిలికోన్ జిగురు పూసి ఎండబెట్టాము.

అప్పటికీ మా మిత్రుడు వస్తాననలేదు. ఆయన శ్రీమతి మా ఇంటికి వచ్చి, "అన్నయ్యగారూ, ఆయన భయం చలిని గురించి కాదు. మళ్ళీ మీ అందరినీ వెనక్కి తిప్పవలసి వస్తుందేమోనని" అన్నారు. మేము ఆ కాగితం మడిచి ఆమె చేతికి ఇచ్చి, "ఈ 228 అన్న సంఖ్య ఆయనది. ఈ 230 డేరాది. రెండింటి మధ్య రెండు సెంటీమీటర్లు మిగులు ఉందని చెప్పండి" అన్నాము. మరునాడు సెలవు చీటీ మా బల్లమీద ఉన్నది.

2023 అక్టోబరులో మళ్ళీ అదే దారి. అవే వాల్‌నట్ చెట్లు, అదే నది హోరు. సీమాలో అదే చోట డేరా వేశాము. ఆయన కోరిక మీదనే. అక్కడ ఒక రాత్రి గడిపి, మరునాడు కల్కతియాధార్ ఎక్కాము. ఆ గుట్ట దాటగానే లోయ విప్పుకుంటుంది. భోజపత్ర వృక్షాలు ఆకులు రాల్చి తెల్లని బెరడుతో నిలబడి ఉన్నాయి. గడ్డి గోధుమరంగుకు తిరిగింది. మధ్యాహ్నానికి హర్ కీ దూన్ చేరాము. సాయంకాలపు ఎండ స్వర్గారోహిణి మీద పడి, బంగారమై, గులాబియై, చివరకు బూడిదరంగై ఆరిపోయింది. ఎవరమూ మాట్లాడలేదు.

రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పోయింది. పడుకునే ముందు మా మిత్రుడు డేరా తాళ్ళన్నీ మరొకసారి బిగించాడు. మాకు నిద్ర సరిగా పట్టలేదు. నాలుగు గంటలకు అలవాటుగా మెలకువ వచ్చింది. చెవి ఒగ్గి విన్నాము. ఆయన డేరాలోనుంచి సన్నని గురక వినిపిస్తున్నది. మా ఉద్యోగ జీవితంలో ఎన్నో యంత్రాలు తొలిసారి తిరిగినప్పటి చప్పుడు విన్నాము. వాటిలో వేటికీ అంత సంతోషించిన జ్ఞాపకం లేదు.

తెల్లవారాక చూస్తే బయటి గుడ్డ లోపలివైపున మంచు పలకలుగా కట్టి ఉంది. స్లీపింగ్ బ్యాగ్ కొసను చేతితో తడిమాము. పొడిగా ఉంది. "పూర్తిగా చాచి పడుకున్నాను సార్" అన్నాడు ఆయన. ఇంకేమీ అనలేదు. పాత అద్దెరకం డేరాలో పడుకున్న అకౌంట్సు మిత్రుడు మాత్రం వాలుకు కిందికి జారి, కొసగోడకు తగిలి, పాదాలు తడుపుకున్నాడు. ఆయన ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు! ఆ పగలంతా ఆయన మేజోళ్ళు మా మిత్రుడి పొడవాటి డేరా మీదనే ఆరాయి.

తిరిగి వచ్చిన తరువాత జరిగిన ఒక చిన్న విషయంతో ముగిస్తాము. మన పంపుహౌసు మెట్ల మలుపు దగ్గర ఒక పైపు బ్రాకెట్ ఉన్నది. దానికి పసుపు నలుపు చారలు, 'తల జాగ్రత్త' అన్న బోర్డు. మా మిత్రుడు ఏడేళ్ళుగా రోజూ అక్కడ వంగి వెళుతున్నాడు. ఒక రోజు టేపు తీసుకుని కొలిస్తే 188 సెంటీమీటర్లు ఉంది. ఆ డ్రాయింగు మీద ఉన్న సంతకాలలో ఒకటి మాదే. మార్పు కోరుతూ కాగితం పెట్టాము. తరువాతి షట్‌డౌన్‌లో బ్రాకెట్‌ను 210కి ఎత్తారు. బోర్డు తీసేశారు.

మొదటి రోజు మా మిత్రుడు ఆ మెట్లు దిగుతుంటే కింద నిలబడి చూశాము. మలుపు దగ్గర ఆయన అలవాటుగా తల వంచాడు. రెండడుగులు వేశాక ఆగి, వెనుదిరిగి పైకి చూసి, మళ్ళీ ఎక్కి, ఈసారి నిటారుగా దిగివచ్చాడు.